ఖాతా మూసుకుపోయిన పదకొండు రోజులు

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లోవాళ్లు పెళ్లైన నాటి నుంచీ ఈ మాట అంటున్నారు, నేనూ కాదనను. షాపులో అట్టపెట్టెలకు వేసే టేపు చుట్టల్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకుంటాను. షట్టరుకు తాళం వేశాక నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాను. టీలో చక్కెర తక్కువైతే కాచినవాణ్ణి వదిలేసి తెచ్చినవాడి మొహం చూస్తాను. సొంత మేనమామ కొడుకే డ్రైవరు పని అని వీసా ఇప్పించి, సౌదీలో దిగాక గొర్రెల దొడ్డి దగ్గర వదిలేసిన రోజున ఈ జబ్బు ముదిరింది. ఆ రెండేళ్ల సంగతి ఇక్కడ రాయను. ఎలాగో బయటపడ్డాను, తిరిగి తిరిగి రియాద్‌లో బతా బజారుకు చేరి, ఒక కార్గో షాపులో నిలబడ్డాను.

షాపు నా కఫీల్ పేరు మీద, అంటే ఇక్కడ నాకు పూచీ ఉన్న సౌదీ యజమాని పేరు మీద ఉంటుంది, నడిపేది మాత్రం నేనే. మనవాళ్లు ఇంటికి పంపుకునే దుప్పట్లు, పాలపొడి, సబ్బులు, ఖర్జూరాలు, పిల్లల సైకిళ్లు పెట్టెల్లో కట్టి ఓడలో బొంబాయికి పంపిస్తాం. అక్కడ దించే ఏజెంటు వాటిని లారీ ఎక్కిస్తాడు. తెలంగాణలో మా డ్రైవరు ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లి ఇస్తాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి కట్టడాల్లో, మరమ్మతు పనుల్లో చేసేవాళ్లు. నాది కడప వైపు. వాళ్ల ఊళ్ల పేర్లు నాకు సరిగ్గా పట్టుబడవు. మొదట్లో చిరునామాలు నేనే పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఒకసారి ఒకే పేరున్న రెండు ఊళ్లలో తప్పు ఊరికి పెట్టె పోయింది. అక్కడెవరో అడక్కుండానే వచ్చిన దుప్పటి నిశ్చింతగా కప్పుకున్నారు, ఇక్కడ పంపినవాడు నా షాపు ముందు గంటసేపు అరిచాడు.

ఆ గొడవైన నెలలోనే అతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరు, నాకంటే పదేళ్లు చిన్న. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు, శుక్రవారాలు నాతో పనిచేస్తానన్నాడు. వచ్చిన రెండో వారమే నా పుస్తకం మూయించాడు.

"నువ్వు రాసుడెందుకన్న? ఆళ్లనే జెప్పమను. ఊరు, ఇల్లు, గుర్తులు అన్నీ ఆళ్ల గొంతుతోనే పంపుతరు. గాడ డ్రైవరు గది ఇనుకుంట పోతడు" అన్నాడు.

నిజంగానే అది బాగా పనిచేసింది. పెట్టె మీద ఒక నంబరు వేస్తాం. పంపేవాడు మా మెసేజ్ యాప్‌లో ఆ నంబరు చెప్పి, తర్వాత తన ఇంటి దారి చెబుతాడు. పోచమ్మ గుడి దాటినంక ఎడమకు తిరుగు, నీలం గేటు, మా అవ్వ అరుగు మీదనే కూసుంటది అని. రాయడం రానివాళ్లకు కూడా ఇల్లు చెప్పడం వచ్చు. పెట్టె మీద నంబరు, మా దగ్గర గొంతు. కాగితం మీద ఇంకేమీ ఉండేది కాదు. ఓడ బొంబాయి చేరే ముందు గొంతులన్నీ విని జాబితా రాసి ఏజెంటుకు, గొంతుల్ని డ్రైవరుకు పంపేవాళ్లం.

దీనికి కావలసిన ఖాతాలన్నీ అతనే తెరిచాడు. మెసేజ్ యాప్‌లో వ్యాపార ఖాతా, షాపు పేరుతో ఒక పేజీ, ఆ పేజీలో ప్రకటనలు వేయడానికి ఇంకో ఖాతా. ఇంగ్లీషు ఫారాలు చూస్తే నాకు తలనొప్పి, అందుకని అన్నిటికీ తన సొంత ఖాతానే ఆధారంగా పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. తాళం రెండుసార్లు లాగి చూసే మనిషిని, షాపు మొత్తం పక్కవాడి పేరు మీద పెట్టించుకున్నాను.

నాలుగేళ్లు బాగానే నడిచింది. ఒక గురువారం మధ్యాహ్నం అసర్ నమాజుకు వెళ్లొచ్చి ఫోన్ తెరిస్తే మెసేజ్ యాప్ లోపలికి రానివ్వలేదు. నిబంధనలు మీరిన మరొక ఖాతాతో మీ ఖాతా ముడిపడి ఉంది కాబట్టి మూసేశాం అని నాలుగు లైన్లు. ఆ మరొక ఖాతా ఎవరిదో, మీరిన నిబంధన ఏదో చెప్పలేదు. పేజీ తెరవబోతే అదే మాట. ప్రకటనల ఖాతాలోనూ అదే.

ఆ సమయానికి సముద్రం మీద మావి నలభై మూడు పెట్టెలున్నాయి. ఇంకో రెండు వారాల్లో బొంబాయి చేరతాయి. ఎవరి పెట్టె ఎవరి ఇంటికో చెప్పే గొంతులన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. పంపినవాళ్ల నంబర్లూ అందులోనే ఉన్నాయి. పైగా వాళ్లలో కొందరు పెట్టె పంపేసి, ఇక్కడి వీసా ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయినవాళ్లు, వాళ్ల ఇక్కడి సిమ్ములు ఆగిపోయి ఉంటాయి. జాబితా లేకపోతే పెట్టెలు గోడౌనులో పడి ఉంటాయి, కొన్నాళ్లకు ఎవరిదీ కాని సరుకైపోతాయి. ఒక్కో పెట్టె ఒక మనిషి ఏడాది పాటు కూడబెట్టి కొన్న వస్తువులు. ఆ మనుషులు వచ్చి నా కాలరు పట్టుకుంటే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

సాయంత్రం అతను రాగానే ఫోన్ అతని ముందు పెట్టాను. మొహం పాలిపోయింది. నాకు అది చాలు.

"నాది గూడ పోయిందన్న. పొద్దుగాల్నే పోయింది" అన్నాడు.

"పొద్దున పోతే నాకెందుకు చెప్పలేదు?"

"ఏదో పొరపాటు పడ్డది. మల్ల అడిగిన. నేను సూస్త తియ్యి."

నేను సూస్త అనేది నాకు నచ్చని మాట. నా మేనమామ కొడుకు కూడా విమానాశ్రయంలో నేను చూసుకుంటాలే అనే అన్నాడు. ఆ క్షణం నుంచి నేను అతన్ని గమనించడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక అన్నీ కనబడ్డాయి. అతని దగ్గర రెండు ఫోన్లున్నాయి. శుక్రవారాల్లో ఎవరెవరో వచ్చి అతనికి ఏదో చూపిస్తారు, అతను ఫొటో తీసుకుంటాడు, నేను దగ్గరికి పోతే మాట మారుస్తారు. ఏడాదిగా ప్రతి శుక్రవారం మూడింటికి పని ఉంది అని వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చిన మెట్రో ఎక్కి ఎటో పోతాడు, చేతిలో ఒక సంచి. ఒకసారి ఆ సంచిలోంచి అరటిపళ్లు, ఉతికిన బనీన్లు తొంగిచూశాయి. తప్పుడు పని మీద పోయేవాడు బనీన్లు ఎందుకు తీసుకెళ్తాడని నాకు అప్పుడు తట్టలేదు. అనుమానం వచ్చినవాడికి అన్నీ కనబడతాయి కానీ ఒక్కటీ ప్రశ్నగా కనబడదు.

మర్నాడు శుక్రవారం. జుమా నమాజు అయ్యాక బతా అంతా మన మనుషులే, కాలు పెట్టే సందుండదు. నేను ఒక అట్టముక్క మీద పెట్టెల నంబర్లు రాసుకుని, మొహం గుర్తున్న ప్రతివాణ్ణీ ఆపి చిరునామా అడిగాను. కొందరు చెప్పారు, కొందరు నవ్వారు, ఇద్దరు తిట్టారు. మూడింటికి అతను ఎప్పటిలాగే సంచి తీసుకుని బయల్దేరాడు. షాపు మీద పిడుగు పడి ఉంటే ఇతనికి ఇవాళ కూడా పనేనా అనుకున్నాను. అతను మలుపు తిరగగానే అతని సొరుగు లాగాను.

లోపల ఒక పసుపుపచ్చ కవరు, అందులో పాస్‌పోర్టు జిరాక్సులు, ఇకామా అనే ఇక్కడి నివాస కార్డుల జిరాక్సులు. పదో, పన్నెండో. ఎవరివో నాకు తెలియని మొహాలు, కొన్నిటి మీద పెన్నుతో మండలం పేర్లు. అయితే ఇదన్నమాట సంగతి, మన షాపు పేరు చెప్పి వీసాలు అమ్ముతున్నాడు అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, నాకు తెలిసిపోయింది. ఒక్కొక్క కాగితం బల్ల మీద పరిచి ఫొటో తీసుకుని, ఉన్నవి ఉన్నట్టే కవర్లో పెట్టేశాను.

శనివారం పొద్దున షాపు పాత ఫోనుకు ఇండియా నుంచి ఒక కాల్ వచ్చింది. పేజీలో ఏది పెట్టినా కింద ఆ నంబరు దానంతటదే పడుతుంది. ఎత్తితే ఎవరో ఆడమనిషి.

"సారూ, మీ పేజీల ఫోటో సూసినం. ఎవలో మా ఊరోళ్లు పంపిండ్రు. మా ఆయిన పాస్‌పోర్టు మీ కాడ ఉన్నదట గద?"

పాస్‌పోర్టు అనే మాట ఒక్కటే నాకు వినబడింది. మొదటి బాధితురాలు దొరికింది, ఇక వరసగా వస్తారు, వచ్చి నా మెడకు చుట్టుకుంటారు అనుకున్నాను.

"ఆ పేజీ మాది కాదమ్మా. పెట్టినోడు ఎవరో నాకు తెలీదు. మాకూ దానికీ ఏ సంబంధమూ లేదు" అన్నాను.

"గట్లనకు సారూ, ఒక్క మాట..."

పెట్టేశాను. మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేశాను. మూడోసారికి ఆ నంబరు లోపలికి రాకుండా బ్లాక్ చేశాను. మంచి పని చేశానని టీ తెప్పించుకుని తాగాను కూడా.

ఆ సాయంత్రం అతను రాగానే కవరు బల్ల మీద పడేశాను.

"ఇవి యాడివి అబ్బా?"

అతను కవరు వంక చూశాడు, నా వంక చూశాడు. "నా సొరుగు తీసినవా అన్న?"

"సొరుగు నా షాపులో ఉండాది. ఎంతమందికి అమ్మినావు వీసాలు? అది చెప్పు ముందు."

"వీసాలా?" అని ఆగిపోయాడు. ఏదో చెప్పబోయాడు. నేను ఆగలేదు. నమ్మి ఇల్లు అప్పజెప్పినానన్నాను, నా పేరు అడ్డం పెట్టుకుని పేదోళ్లను ముంచినావన్నాను, పొద్దున ఒక ఆడమనిషి ఏడుస్తా ఫోన్ చేసిందన్నాను. ఆమె ఏడవలేదు. ఏడ్చిందని నేనే కలిపాను, కోపంలో నాకు అలాంటివి వచ్చేస్తాయి.

ఆడమనిషి అనగానే అతను ఒక్కడుగు ముందుకు వేశాడు. "ఎవలన్న? ఏ నంబరు?"

"నంబరు ఇస్తే బెదిరించి నోరు మూపిస్తావా? ఇయ్యను. షాపు తాళం పెట్టి పో. ఇంక రావద్దు నువ్వు."

అతను గొంతు పెద్దది చేయలేదు. "నేను తప్పు పని ఏం జెయ్యలేదన్న. నువ్వు గింత అనుకున్నంక నేనేం జెప్తే ఇంటవు?" అన్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు. కవరు తీసుకుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా చూశాను, వెనక్కి తిరిగి చూస్తాడేమోనని. చూడలేదు. తప్పు చేసినవాడు కాబట్టే చూడలేదని అనుకున్నాను.

ఆదివారం మా పాత కస్టమరు ఒకాయన్ని పట్టుకున్నాను. హైదరాబాద్ మనిషి, ఇక్కడ ఒక ఆఫీసులో పనిచేస్తాడు, ఇంగ్లీషులో అర్జీలు రాయడంలో దిట్ట. షాపుకు వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, నా గోడు మొత్తం విన్నాడు.

"భాయ్, ఎమోషన్ వద్దు. వాళ్లకు క్లియర్‌గా కావాలి. ఆ పర్సన్‌తో మాకు రిలేషన్ లేదు, మాకు తెలియకుండా యాక్సెస్ మిస్‌యూజ్ చేశాడు, తీసేశాం అని పెడదాం. ప్రూఫ్ ఏమన్నా ఉందా?"

జిరాక్సుల ఫొటోలు చూపించాను. ఇతరుల పత్రాలు పోగుచేసి మోసపు వీసా వ్యాపారం చేస్తున్నాడని కూడా రాయమన్నాను. ఆయన చేతులు ఆగాయి.

"ష్యూరేనా భాయ్? ఇది హెవీ మాట. అతని అకౌంట్లు మళ్లీ ఎప్పటికీ రావు."

"రాయండి" అన్నాను.

తర్వాత ఫోన్ నా మొహాన్ని అడిగింది. ఎడమకు తిరగమంది, కుడికి తిరగమంది, నేరుగా చూడమంది. నేనే నేనని రుజువు చేసుకున్నాను. అర్జీ వెళ్లింది.

ఆ తర్వాతి వారం ఎలా గడిచిందో నాకు బాగా గుర్తుంది. పొద్దున లేస్తే పెట్టెలు, పడుకుంటే పెట్టెలు. ఫోన్ మ్యాపులో షాపు ఇంకా మూతపడ్డ మెసేజ్ యాప్ నంబరుతోనే కనబడుతుండటంతో జనం వెతుక్కుంటూ వచ్చి, మెసేజ్‌లు ఎందుకు పోవడం లేదని నన్నే కడిగేసేవాళ్లు. రెండు క్యాంపులకు తిరిగి, ముగ్గురి చేత ఇండియాకు ఫోన్లు చేయించి, నలభై మూడింటిలో ఇరవై నాలుగు చిరునామాలు కూడగట్టాను. పంతొమ్మిది మిగిలాయి. అతని మీద కోపం వచ్చినప్పుడల్లా అర్జీలో రాయించిన వాక్యం గుర్తు తెచ్చుకునేవాణ్ణి, కాస్త చల్లబడేది. ఆ వారంలో ఒక్కసారి కూడా అతను ఏం తింటున్నాడో, ఎక్కడున్నాడో అనుకోలేదు. నిజం చెప్పాలంటే అతను తిరిగి రాకపోవడమే నాకు రుజువు అనిపించింది.

పదకొండో రోజు, మళ్లీ ఆదివారం పొద్దున, ఖాతాలు తెరుచుకున్నాయి. మీ వివరణను పరిశీలించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఇంగ్లీషులో రెండు లైన్లు. నేను షాపులో ఒక్కణ్ణే పైకి నవ్వాను. మొదటి గొంతు నొక్కాను. ఎవరో ముసలాయన, పెట్టె నంబరు చెప్పి, రైస్ మిల్లు వెనకనే మా ఇల్లు, కుక్క మొరుగుతది గని కరవది అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం కల్లా పంతొమ్మిదీ రాసేసి, జాబితా బొంబాయికి పంపేశాను. ఆ పెట్టెలన్నీ తర్వాత క్షేమంగా చేరాయి, ఒక్కటీ తప్పిపోలేదు.

అప్పుడు, అతను ఇంకేం వెలగబెట్టాడో చూద్దామని, పేజీలో ప్రకటనల భాగం తెరిచాను. ప్రకటనగా పెట్టింది మనం ఎంచుకున్న ప్రాంతం వాళ్లకే కనబడుతుంది, పేజీ చూసే నాలాంటివాడికి కనబడదు. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. చివరిది, ఖాతా మూతపడడానికి ముందు రోజు పెట్టింది, ఒక మనిషి పాస్‌పోర్టు ఫొటో. పైన తెలుగులో ఇలా రాసి ఉంది:

ఈ మనిషిని గుర్తుపట్టండి. రియాద్‌లో సర్కారు దవాఖానల ఉన్నడు. పక్షవాతం వచ్చి మాట పోయింది. పాస్‌పోర్టుల ఉన్న ఊరు ప్రాజెక్టు కింద మునిగింది. ఇంటోళ్లు ఏ ఊరికి పోయిన్రో తెలుస్తలేదు. ఎవరికన్న తెలిస్తే ఈ పేజీకి రాయుండ్రి.

దాని కింద అంతకు ముందువి తొమ్మిది ఉన్నాయి. పని వదిలి పారిపోయారని కఫీల్ ఫిర్యాదు రాయిస్తే ఫోన్ లేక, కాగితం లేక ఎక్కడో చిక్కుకున్నవాళ్లు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు. ఇద్దరు శవాగారంలో ఉన్నవాళ్లు. ఒక్కొక్కరి ఫొటో ఆ మనిషి మండలం చుట్టుపక్కల వాళ్లకు మాత్రమే కనబడేలా, తన సొంత కార్డుతో పెట్టాడు. నాకు నా పెట్టెలు ఇళ్లకు చేర్చడం నేర్పినవాడు అదే పద్ధతిలో మనుషుల్ని చేర్చాడు. పాస్‌పోర్టులు, ఇకామాలు అలా వరసగా పెడుతుంటే, ఎక్కడో కూర్చున్న యంత్రం ఇది పత్రాల వ్యాపారం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. యంత్రానికి కనీసం అతని మొహం తెలియదు.

నాకెందుకు చెప్పలేదో కూడా అప్పుడే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒకతను షాపుకు వచ్చాడు. తమ్ముడి శవం ఆసుపత్రిలో ఉందని, కాగితాల కోసం ఎవర్ని అడగాలో చెప్పమని. నేను అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఇది కార్గో షాపు, ఇక్కడికి పోలీసుల గొడవలు తేవద్దు అని పంపేశాను. తర్వాత లోపలికి తిరిగి, నా షాపులో చచ్చినోళ్ల పంచాయితీ పెట్టినోణ్ణి బయటికి తరుముతా అన్నాను. ఇతను అప్పుడు అక్కడే టేపు వేస్తున్నాడు.

పేజీకి వచ్చిన మెసేజ్‌ల పెట్టె తెరిచాను. మూతపడ్డ రోజుల్లో వచ్చినవన్నీ అందులో పేరుకుని ఉన్నాయి. పాస్‌పోర్టు ఫొటో కింద ఒకే ఆడమనిషి నుంచి గొంతు మెసేజ్‌లు. మొదటిది నొక్కాను.

"సారూ, గీ ఫోటోల ఉన్నది మా ఆయినే. మూడేండ్లాయె పోన్ లేక. పానం ఎట్లున్నది సారూ? నా మాట ఆయినకు ఇనిపిస్తరా?"

రెండోది, శనివారం పెట్టింది. మీ నంబరుకు చేసిన, కట్ చేసిండ్రు, ఎందుకో తెల్వది అంది. ఆ తర్వాత ప్రతి రోజూ ఒకటుంది. అన్నీ వినలేకపోయాను. ఆ గొంతు నాకు తెలుసు. మంచి పని చేశానని టీ తాగింది ఆ గొంతును పెట్టేశాకే.

షట్టరు దించేసి టాక్సీ ఎక్కి, ఊరి బయట పారిశ్రామిక ప్రాంతంలో ఉన్న అతని కంపెనీ క్యాంపుకు వెళ్లాను. తాళం రెండోసారి లాగి చూడలేదని సగం దారిలో గుర్తొచ్చింది. ఎండ ఇంకా ఉంది. అతను గది బయట తీగ మీద యూనిఫారం ఆరేస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"ఖాతాలొచ్చినయా అన్న?"

"వచ్చినాయి."

"పెట్టెలు?"

"అన్నిటికీ దారి దొరికింది."

"మంచిగైంది" అన్నాడు. నిజంగానే అన్నాడు, అందులో వెటకారం ఎంత వెతికినా నాకు దొరకలేదు. "నాయి రావు. నేను గూడ అడిగిన. షాపు ఓనరే నీ మీద రాసిచ్చిండని జవాబొచ్చింది. కొత్తది తెరిస్తే మూడొద్దులకు మూసిండ్రు. మొఖం గుర్తు పడుతదట."

నేను కుర్చీలో కూర్చోలేదు. తప్పు చేసినాను అన్నాను. ఇంకేదో కూడా అన్నాను, సరిగ్గా గుర్తులేదు. అతను తీగ మీద చొక్కా ముడతలు సవరిస్తూ విన్నాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, అది అడిగే మొహం నాకు లేదు. ఫోన్ తీసి ఆ గొంతు వినిపించాను.

మొదటి మాటకే అతను బట్టలు వదిలేసి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. చివరిదాకా విన్నాడు. "గీమెనేనా ఆ పొద్దు నీకు పోన్ చేసింది?" అన్నాడు. తలూపాను.

అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "మొన్న శుక్రవారం పోయిండన్న" అన్నాడు. "నేను గాడనే ఉన్న. బనీను మార్సినంక నా చెయ్యి పట్టుకుండు. గంటకు పోయిండు."

పక్క గదిలో ఎవరో కుక్కర్ పెట్టారు, అది కూత వేసేదాకా నేను అలాగే నిలబడి ఉన్నాను. ఆమెకు నేను చెబుతానని అతనన్నాడు. వద్దన్నాను. ఇది నేను చేయాల్సిన ఫోను.

పాత ఫోన్ తీసి ఆ నంబరుకు పెట్టిన అడ్డు తీసేసి చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది. షాపు పేరు చెప్పాను. కూర్చోమ్మా అన్నాను, పక్కన ఎవరైనా ఉన్నారా అన్నాను. కొడుకున్నడు అంది. విషయం చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పాలనుకున్నానో అంత గబగబా చెప్పేశాను. అటు నుంచి ఏడుపు వస్తుందని ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. రాలేదు.

"ఆ పొద్దు పోన్ ఎత్తింది నువ్వేనా సారూ?" అంది.

కాదని చెప్పడం తేలిక. షాపులో ఇంకెవరో ఎత్తారని అనొచ్చు, ఆమె నమ్ముతుంది. అతను కింద కూర్చుని నా వంకే చూస్తున్నాడు.

"నేనేనమ్మా" అన్నాను.

"అప్పటికి ఆయిన ఉన్నడా?"

ఉన్నాడమ్మా అన్నాను.